మీకు తెలుసా? బెంగళూరు రాతి కింద నీటి జాడ

బెంగళూరు లాల్‌బాగ్‌లోని గుట్ట సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి ద్వీపకల్ప నైస్ శిల. నగరం కింద ప్రధానంగా ఇదే రాయి పరచుకొని ఉండటంతో, భూగర్భజలం పైనున్న శిథిల పొరలోనూ, లోతున ఉండే పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. ఆ తావులను వెతికే పద్ధతుల్లో విద్యుత్ నిరోధకత సర్వే ముఖ్యమైనది. ఒకే వరుసలో నాలుగు కడ్డీలను నేలలో దిగగొట్టి, బయటి రెండింటి గుండా విద్యుత్తును పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీని కొలుస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ మరింత లోతున ఉన్న పొరల సమాచారం అందుతుంది. పగుళ్లు లేని నైస్ నిరోధకత సాధారణంగా వేల ఓమ్-మీటర్లలో ఉండగా, నీరు పట్టిన శిథిల శిలలో అది పదులకో వందలకో పడిపోతుంది. అయితే బంకమట్టి కూడా తక్కువ నిరోధకతనే చూపుతుంది. నగరంలో నేలలోని లోహపు గొట్టాలు, కేబుళ్లు కొలతలను చెడగొడతాయి. వందల అడుగుల లోతున ఉన్న సన్నని పగులు అసలు పసిగట్టడానికే అందకపోవచ్చు. అందువల్ల, అప్పుచేసి బోరు వేయించుకునేవారికి సర్వే ఫలితాన్ని హామీగా కాక, అవకాశాన్ని పెంచే అంచనాగానే చెప్పాలి. భూగర్భజలాన్ని వెతికేందుకు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, బెంగళూరుకు సమీపంలోని తుమకూరు జిల్లా అంకసంద్ర ప్రాంతంలో హెలికాప్టర్‌కు వేలాడదీసిన తీగచుట్టతో విద్యుదయస్కాంత సర్వే కూడా జరిపింది.