వణుకు మింగే చక్రం

కోల్‌కతాలో పాత కార్లకు మళ్లీ ప్రాణం పోసే యజమానులకు హార్మోనిక్ బ్యాలెన్సర్ ఎంపిక చిన్న విషయంగానే కనిపిస్తుంది. పొరపాటు జరిగితే మాత్రం ఇంజనే పోతుంది.

శీతాకాలం వచ్చిందంటే కోల్‌కతాలో కార్ల పిచ్చి ఉన్నవారికి పండగే. 1960లలో మొదలైన స్టేట్స్‌మన్ వింటేజ్, క్లాసిక్ కార్ల ర్యాలీ కోసం నెలల తరబడి ముస్తాబులు సాగుతాయి. చూసేవారి కళ్లు తళతళలాడే క్రోమియం మీద, తోలు సీట్ల మీద నిలుస్తాయి. బానెట్ ఎత్తితే కార్బురేటర్ దగ్గర ఆగుతాయి. రేడియేటర్ వెనుక, ఫ్యాన్ కింద, క్రాంక్ షాఫ్ట్ ముందు కొసకు బిగించిన నల్లటి చక్రాన్ని పట్టించుకునేవారు తక్కువ. ఫ్యాన్ బెల్టును తిప్పే మామూలు పుల్లీలాగే కనిపించే దాని పేరు హార్మోనిక్ బ్యాలెన్సర్.

నిజానికి ఆ పేరే తప్పుదారి పట్టిస్తుంది. దాని ముఖ్యమైన పని ఇంజన్ బరువును సమతూకంలో ఉంచడం కాదు, క్రాంక్ షాఫ్ట్ మెలికను అణచడం. సిలిండర్‌లో పెట్రోలు మండిన ప్రతిసారీ పిస్టన్ దెబ్బకు ఉక్కు షాఫ్ట్ కంటికి కనిపించనంతగా మెలి తిరిగి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే అలాంటి దెబ్బలు సెకనుకు 150. ఆ దెబ్బల లయ షాఫ్ట్ సహజ కంపనంతో కలిసిందంటే ఊపు అంతకంతకూ పెరుగుతుంది. ఉయ్యాలను సరైన క్షణంలో తోస్తూ పోతే ఎత్తుకు లేచినట్టే. చివరకు షాఫ్ట్ విరుగుతుంది.

ఈ పాఠం నేర్చుకోవడానికి కార్ల ప్రపంచం మూల్యం చెల్లించింది. 20వ శతాబ్దం తొలి దశకంలో రోల్స్ రాయిస్ తయారు చేసిన ఆరు సిలిండర్ల 30 హెచ్‌పీ కార్లను క్రాంక్ షాఫ్ట్‌ల బెడద వేధించింది. ఆ తర్వాత వచ్చిన సిల్వర్ ఘోస్ట్‌లో హెన్రీ రాయిస్ షాఫ్ట్‌ను మరింత దృఢంగా రూపొందించారు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాంల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఆ జాతిదే. 1910 ప్రాంతంలో బ్రిటిష్ ఇంజనీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఈ కంపనాన్ని అణిచే డ్యాంపర్‌కు పేటెంట్ పొందారు. తర్వాత వచ్చిన రకాల్లో ఎక్కువగా కనిపించేది రబ్బరుది. మధ్యలో ఇనుప హబ్, బయట బరువైన వలయం, రెండింటికీ నడుమ రబ్బరు పొర ఉంటాయి. షాఫ్ట్ మెలి తిరిగినప్పుడు బయటి వలయం వెంటనే కదలదు. ఆ లాగుడును రబ్బరు మింగి, వేడిగా మార్చి వదిలేస్తుంది.

చిక్కల్లా ఆ రబ్బరుతోనే. ఇనుము వందేళ్లు నిలిచినా రబ్బరు నిలవదు. నూనె తడికి ఉబ్బుతుంది, ఇంజన్ వేడికి గట్టిపడి పగుళ్లిస్తుంది. బయటి వలయం జారిపోతే ఇగ్నిషన్ టైమింగ్ గుర్తు కూడా దానితోపాటే కదులుతుంది. మెకానిక్ ఆ గుర్తును నమ్మి టైమింగ్ సరిచేస్తాడు. బండి లాగదు, వేడెక్కుతుంది. తప్పు కార్బురేటర్ మీద పడుతుంది.

జారుడును కనిపెట్టే మార్గం సులువే. హబ్ మీదుగా వలయం దాకా సుద్దముక్కతో ఒక గీత గీసి, కొన్నాళ్లు బండి నడిపి చూడాలి. గీత రెండు ముక్కలైతే బ్యాలెన్సర్ పని అయిపోయినట్టే. మొదటి పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు గుర్తు సున్నా దగ్గర ఉందో లేదో సరిచూసుకోవడం మరో పరీక్ష.

మరి కొత్తది ఎక్కడ దొరుకుతుంది? పాత విడిభాగాలకు కోల్‌కతాలో పేరున్న చోటు మల్లిక్ బజార్. హుగ్లీ నది దాటితే ఒకప్పుడు తూర్పు దేశపు షెఫీల్డ్ అనిపించుకున్న హౌరా. అక్కడి లేత్ షాపుల్లో నమూనా ఇస్తే దాదాపు ఏదైనా చేసిపెట్టగలరు. ప్రమాదం కూడా అక్కడే పొంచి ఉంది. అరిగిన బ్యాలెన్సర్‌ను నమూనాగా ఇచ్చి ఒకే ఇనుప దిమ్మె నుంచి పుల్లీ తీయించుకుంటే అచ్చం అలాగే ఉంటుంది. బెల్టూ తిరుగుతుంది, ఇంజనూ నడుస్తుంది. కానీ వణుకును మింగే రబ్బరు అందులో లేదు. మొదటి రోజు తేడా ఏమీ తెలియదు. దెబ్బ తగిలేది వేల కిలోమీటర్ల తర్వాత, అదీ క్రాంక్ షాఫ్ట్‌కు.

అన్ని కార్లకూ ఈ బెడద ఒకేలా ఉండదు. ఉత్తర్‌పారాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో 2014 దాకా తయారైన అంబాసడర్‌ది నాలుగు సిలిండర్ల ఇంజన్. దాని షాఫ్ట్ పొట్టిది కాబట్టి మెలిక తక్కువ. ఆరు, ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసలో ఉండే పాత అమెరికన్ కార్ల షాఫ్ట్‌లు పొడవైనవి. జాగ్రత్త ఎక్కువ అవసరమయ్యేది వాటికే.

ఎంపికలో మొదటి సూత్రం, కారును కాక ఇంజన్‌ను చూడటం. పెట్రోలు ఖర్చు భరించలేక పాత కార్లలో డీజిల్ ఇంజన్లు బిగించుకున్న రోజులు మన దేశంలో ఉన్నాయి. కాబట్టి బానెట్ మీది పేరును కాక ఇంజన్ నంబరును బట్టి భాగం వెతకాలి. రెండోది సమతూకం. కొన్ని వి-8 ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ తూకంలో కొంత భాగాన్ని బ్యాలెన్సర్‌కే అదనపు బరువుగా అమరుస్తారు. ఫోర్డ్ 302 ఇంజన్‌కు తొలి రోజుల్లో ఆ లెక్క సుమారు 28 ఔన్స్-అంగుళాలు కాగా, 1980ల తొలి ఏళ్ల నుంచి 50. ఒకదాని బదులు మరొకటి బిగిస్తే వణుకు తగ్గకపోగా పెరుగుతుంది. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు వేరే బరువువి వేసినా షాఫ్ట్‌ను మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించాల్సిందే.

మూడోది కొలత. హబ్ రంధ్రం షాఫ్ట్ కొస కన్నా రవ్వంత చిన్నదిగా, చాలా ఇంజన్లలో అంగుళంలో వెయ్యో వంతు మేర, ఉండాలి. వదులైతే కీ గాడి చెడుతుంది. మరీ బిగుతైతే హబ్ పగలవచ్చు. ఆయిల్ సీల్ రాసుకునే చోట గాడి పడిందా, పుల్లీ వరుస కలిసిందా, టైమింగ్ గుర్తు సరైన చోటే ఉందా అన్నవీ చూసుకోవాలి. బిగించేటప్పుడు సుత్తి వాడితే రబ్బరు, బేరింగులు రెండూ దెబ్బతింటాయి. కొన్ని పాత షాఫ్ట్‌లకు కొసన బోల్టు రంధ్రమే ఉండదు. ఇంజన్ విప్పి ఉన్నప్పుడే దాన్ని వేయించుకోవడం మేలు. తీసేటప్పుడు పుల్లర్‌ను బయటి వలయానికి కాక హబ్‌కే తగిలించాలి.

ఇంతకీ కొత్తది కొనాలా, పాతదాన్నే బాగు చేయించాలా? 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన వాహనం వింటేజ్ గుర్తింపు పొందాలంటే అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో చెప్పుకోదగ్గ మార్పులు చేసి ఉండకూడదు. ర్యాలీల్లోనూ అసలుతనానికే విలువ. ఆ లెక్కన పాత హబ్‌ను, వలయాన్ని ఉంచుకుని మధ్యలో కొత్త రబ్బరు వేయించుకోవడం మంచి దారి. అమెరికాలో ఈ పనికే ప్రత్యేకించిన వర్క్‌షాపులు ఉన్నాయి. పంపడం, తెప్పించడం ఖర్చుతో కూడిన పనే. పాత భాగం పూర్తిగా పాడైతే అదే కొలతల కొత్తది కొని, పాతదాన్ని దాచుకోవచ్చు. రేసు కార్ల కోసం చేసిన ఖరీదైన రకాలు ఏడాదికి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగే కారుకు అనవసరం.

మిగతా భాగాల్లో రాజీ పడితే కారు దారిలో ఆగిపోతుంది, అంతే. ఇక్కడ రాజీ పడితే పోయేది క్రాంక్ షాఫ్ట్. కంపెనీ ఎప్పుడో మూతపడిన కారుకు మరో షాఫ్ట్ ఏ బజారులోనూ సులువుగా దొరకదు. డబ్బులు బయటకు తీసేముందు మైక్రోమీటర్ బయటకు తీయాలి.