నగరంలో పుట్టే వరద

వరద అనగానే మీకు ఏమి గుర్తుకు వస్తుంది? ఎక్కడో ఎగువన వాన కురవడం, ఏరు పొంగి ఊరి మీద పడడం. అంతే కదా! కాని ఏటికి చాలా దూరంగా ఉన్న వీధుల్లో కూడా ఒక్క వానకే మోకాటి లోతు నీళ్ళు నిలవడం ఇప్పటి పట్టణాలలో చూస్తున్నాం. ఈ నీరు ఎక్కడిది? జవాబు కోసం ఆకాశం వైపు చూస్తే చాలదు. నేల వైపు చూడాలి. ఆ నేల మీద మనుషులు చేసిన పనులు కూడా చూడాలి.

ఇలా మనిషినీ, పరిసరాలనూ కలిపి చూడడమే కొందరు పరిశోధక విద్యార్థుల పని. హైదరాబాదు నగరాన్ని ఉదాహరణగా తీసుకుని, వారు ఎలా ఆలోచిస్తారో మనమూ చూద్దాం.

గొలుసుకట్టు చెరువులు

హైదరాబాదు దక్కను పీఠభూమి మీద ఉంది. అడుగున గట్టి గ్రానైటు రాయి, పైన మెరకలూ పల్లాలూ. ఏడాదిలో కురిసే వానలో చాలా భాగం నాలుగు నెలల్లోనే పడిపోతుంది. మరి మిగతా ఎనిమిది నెలలకు నీళ్ళు కావద్దూ? అందుకే మన పూర్వులు పల్లం చూసి కట్ట వేశారు. చెరువు నిండితే మిగిలిన నీరు అలుగు మీదుగా పారి, కాలువ వెంట దిగువ చెరువుకు చేరేది. అదీ నిండితే దాని దిగువ చెరువుకు. ఇవే గొలుసుకట్టు చెరువులు. గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా గొలుసు పనిచేయదు. ఈ మాట గుర్తుంచుకోండి.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాదిమంది చనిపోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య అనే ఇంజనీరును పిలిపించింది. ఆయన నది ఎగువ ప్రాంతాన్ని పరిశీలించి లెక్కలు కట్టాడు. అక్కడున్న 788 చెరువులలో 221 తెగిపోయాయని తేలింది. పై చెరువు తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. అప్పుడు అదీ తెగుతుంది. వరదను పట్టి ఉంచి మెల్లగా వదలడానికి పెద్ద జలాశయాలు కావాలని ఆయన సూచించాడు. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తి అయ్యాయి. నగరానికి మంచినీళ్ళు కూడా దొరికాయి.

మరి ఇక వరద బెడద తీరినట్లేనా? తీరలేదు. 2000 ఆగస్టులో ఒక్క రోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడి ఎన్నో పేటలు మునిగిపోయాయి. 2020 అక్టోబరులో మళ్ళీ అదే కథ. ఆ జలాశయాలు వాటి ఎగువన పడిన నీటిని ఆపగలవు. నగరం నడినెత్తిన పడిన వానను ఎలా ఆపుతాయి?

మీరే చేసి చూడండి

రెండు పళ్ళేలు తీసుకోండి. ఒకదానిలో గడ్డితో సహా తవ్వి తెచ్చిన మట్టి నింపండి. రెండోదానిలో ఒక పలక పరచండి. రెండింటినీ ఒకే వాలులో నిలిపి, కింద గిన్నెలు పెట్టండి. ఒక్కొక్క చెంబు నీళ్ళు మెల్లగా పోయండి. పలక మీద పోసిన నీరు వెంటనే గిన్నెలోకి వస్తుంది. మట్టి మీద పోసినది ఆలస్యంగా, కొంచెమే వస్తుంది. మిగిలినది మట్టిలో ఇంకిపోయింది.

ఇప్పుడు ఒక లెక్క. మీ బడి ఆటస్థలం ఒక హెక్టారు, అంటే 10,000 చదరపు మీటర్లు అనుకోండి. 10 సెంటీమీటర్ల వాన కురిస్తే దాని మీద పడే నీరు 1,000 ఘనపు మీటర్లు, అంటే 10 లక్షల లీటర్లు! అందులో సగం ఇంకిందనుకుంటే, పారేది 5 లక్షల లీటర్లే. ఆ స్థలాన్ని సిమెంటుతో కప్పేస్తే దాదాపు 10 లక్షల లీటర్లూ పారవలసిందే. వాన పెరగలేదు, వరద మాత్రం రెట్టింపయింది! పైగా ఆ నీరంతా కొద్దిసేపట్లోనే కాలువ మీద పడుతుంది. ఇంకవలసిన నీరు ఇంకదు కనుక వేసవిలో బావులూ ఎండిపోతాయి. వానాకాలం వరదకూ, వేసవి ఎద్దడికీ కారణం ఒకటే కావడం విచిత్రం కదూ!

చెరువు ఎందుకు పోయింది?

1951 జనాభా లెక్కల్లో హైదరాబాదు జనం దాదాపు 11 లక్షలు. 2011 నాటికి, చుట్టుపక్కల ఊళ్ళను కలుపుకుని విస్తరించిన నగరంలో 67 లక్షలకు పైగా ఉన్నారు. పనికోసం, చదువుకోసం వచ్చినవారికి ఇళ్ళు కావాలి. చెరువు కింది పొలాలు ఇళ్ళ స్థలాలయ్యాయి. పొలం లేకపోయాక తూముతో పనేమిటి? పూడిక తీసే రైతు లేడు. వేసవిలో ఎండి కనిపించే శిఖం భూమి ఖాళీ స్థలంలా అనిపించింది. అక్కడా ఇళ్ళు లేచాయి. అలుగు కాలువ ఇరుకైన మురుగుకాలువ అయింది. మసాబ్ ట్యాంక్ అనే పేటలో పేరే మిగిలింది, చెరువు లేదు.

నీరు మాత్రం తన పాత దారినే వెతుక్కుంటుంది. 2020లో పాతబస్తీకి ఎగువనున్న గుర్రం చెరువు కట్ట తెగి కింది పేటలు నీటిపాలయ్యాయి. స్థలం చవకగా దొరికేది పల్లంలోనే. కాబట్టి ఎక్కువ నష్టపోయేది పేదవారే.

దీన్నంతటినీ పరిశోధకులు ఎలా తెలుసుకుంటారు? పాత పటాలను, 1972 నుంచి ఉపగ్రహాలు తీస్తూ వచ్చిన చిత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చుతారు. వర్షపాతం లెక్కలు చూస్తారు. ముంపు పేటలకు వెళ్ళి గోడల మీద నీటి మచ్చల ఎత్తు కొలుస్తారు. ముసలివారిని పాత కాలువ ఎక్కడ ఉండేదని అడుగుతారు. పటంలో లేని సంగతి ఒక్కోసారి ఒక అవ్వ నోట దొరుకుతుంది.

అయితే నగరాలే వద్దంటారా? కాదు. నగరం బడినీ, ఆసుపత్రినీ, బతుకుతెరువునూ ఇస్తుంది. ఇళ్ళు కట్టుకోవలసిందే. కాని నీటికి కూడా ఇల్లు, దారి మిగల్చాలి. ఎక్కడ కట్టకూడదో ముందే తెలుసుకోవడానికే ఈ పరిశోధనలు.

మీ ఊరి వానపడ్డ నీరు ఎటు పోతుంది? మీ బడి గేటు నుంచి మొదలుపెట్టి, పెద్దవారిని తోడు తీసుకుని, వాన వెలిశాక దాని వెంట నడవండి. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో కాగితం మీద పటం గీయండి. మీ ఊరి మొదటి పరిశోధకులు మీరే కావచ్చు!