నికెల్ ఆక్సైడ్ ఎందుకు లోహం కాలేదు?

నికెల్ ఆక్సైడ్ ఆకుపచ్చని పొడి. గాజుకూ పింగాణీకీ రంగు రావడానికి కలుపుతారు. చూడటానికి ఏ వింతా లేని ఈ పదార్థం 1937లో భౌతికశాస్త్రానికి పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. ఆ ఏడాది ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జరిగిన సమావేశంలో డి బోర్, వెర్వే అనే డచ్ శాస్త్రవేత్తలు ఒక ప్రశ్న లేవనెత్తారు. అప్పటి సిద్ధాంతం ప్రకారం దీనిలో కరెంటు ధారాళంగా పారాలి. పారడం లేదు. ఎందుకని?

అప్పటి సిద్ధాంతమంటే బ్యాండ్ సిద్ధాంతం. స్ఫటికంలో ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలు పట్టీలు పట్టీలుగా ఏర్పడతాయి. పట్టీ పూర్తిగా నిండితే అందులోని ఎలక్ట్రాన్లు కరెంటును మోయలేవు; కొంత ఖాళీ మిగిలితే మోస్తాయి. రాగి ఎందుకు వాహకమో, వజ్రం ఎందుకు బంధకమో ఈ లెక్క చక్కగా చెప్పింది. నికెల్ ఆక్సైడ్‌లో మాత్రం ప్రతి నికెల్ అయాను డి ఆర్బిటాళ్లలో పది ఎలక్ట్రాన్లకు చోటుంటే ఎనిమిదే ఉన్నాయి. ఖాళీ ఉంది కాబట్టి అది వాహకమే కావాలి.

లెక్క తప్పలేదు, లెక్క వెనక ఉన్న ఊహ తప్పింది. ప్రతి ఎలక్ట్రానూ మిగతావాటి సగటు ప్రభావంలో ఒంటరిగా తిరుగుతుందన్నది ఆ ఊహ. నిజానికి రెండు ఎలక్ట్రాన్లు ఒకే అయాను మీదికి చేరితే గట్టిగా వికర్షించుకుంటాయి. ఆ వికర్షణే వాటిని కదలనివ్వడం లేదేమోనని పైయర్ల్స్ అనే భౌతికశాస్త్రవేత్త బ్రిస్టల్ సమావేశంలోనే సూచించాడు. నెవిల్ మాట్ ఆ ఆలోచనను పట్టుకుని ఏళ్ల తరబడి పెంచాడు. అయస్కాంత క్రమం వల్లే ఇది బంధకమైందని స్లేటర్ 1951లో వేరే దారి చూపాడు. కానీ సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆ క్రమం చెదిరిపోతుంది, నికెల్ ఆక్సైడ్ మాత్రం బంధకంగానే ఉంటుంది. నా దృష్టిలో వాదన అక్కడే తేలిపోయింది.

1963లో జాన్ హబ్బర్డ్ ఈ చిక్కునంతా రెండే రెండు రాశుల్లోకి కుదించాడు. ఎలక్ట్రాన్ పక్క పరమాణువుకు దూకే సామర్థ్యం ఒకటి, ఒకే చోట రెండు ఎలక్ట్రాన్లు ఉంటే చెల్లించాల్సిన శక్తి మరొకటి. ఈ రెండోదాన్ని ‘యు’ అంటారు. రాయడానికి ఒక్క పంక్తి చాలు, పరిష్కరించడమే కష్టం. ఒక్కో పరమాణువుకు ఒక్క ఆర్బిటాలే తీసుకున్నా అది ఖాళీగా ఉండవచ్చు, ఒక ఎలక్ట్రాన్ రెండు స్పిన్లలో దేనితోనైనా ఉండవచ్చు, లేదా రెండూ ఉండవచ్చు. మొత్తం నాలుగు స్థితులు. పది పరమాణువులకు పది లక్షలు దాటుతాయి, ఇరవైకి లక్ష కోట్లు దాటుతాయి. చిటికెడు పొడిలో ఉండే పరమాణువుల సంఖ్యతో పోలిస్తే ఇరవై ఏపాటి?

ఈ వికర్షణ ప్రయోగంలో ఎలా కనిపిస్తుందో తెలియాలంటే వర్ణపటం, అంటే ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచి గీసిన గీత, చూడాలి. పదార్థం మీద ఎక్స్‌రే పడేస్తే ఎలక్ట్రాన్లు ఎగిరి బయటికొస్తాయి. వాటి శక్తిని కొలిచి, లోపల అవి ఏ స్థాయిలో ఉండేవో చెప్పవచ్చని పాఠ్యపుస్తకాలు నేర్పుతాయి. అది సగం నిజం. మనం కొలిచేది ఎలక్ట్రాన్ ఉన్న ఘనపదార్థానికీ, అది పోయిన ఘనపదార్థానికీ మధ్య ఉన్న మొత్తం శక్తి తేడాను. తిరునాళ్ల గుంపులోంచి ఒక మనిషిని బయటికి లాగితే చుట్టూ ఉన్నవాళ్లు ఆ ఖాళీలోకి సర్దుకున్నట్టే, మిగిలిన ఎలక్ట్రాన్లూ సర్దుకుంటాయి. ఆ సర్దుబాటు ఒక్క తీరున జరగదు. అందుకే ఒకే స్థాయి నుంచి ఒక ప్రధాన శిఖరమూ, దానికి దూరంగా ఒక ఉపశిఖరమూ రావచ్చు.

1984లో సావట్స్కీ, అలెన్ ఎలక్ట్రాన్లను బయటికి లాగే ప్రయోగాన్నీ, లోపలికి పంపి వెలువడే కాంతిని కొలిచే ప్రయోగాన్నీ కలిపి నికెల్ ఆక్సైడ్‌లో నిండిన స్థాయిలకూ ఖాళీ స్థాయిలకూ మధ్య ఉన్న శక్తి అంతరం 4.3 ఎలక్ట్రాన్ వోల్టులని తేల్చారు. ఆ కాలంలోనే ఫుజిమోరి, మినామి ఒక చిన్న నమూనా కట్టారు: ఒక నికెల్, దాని చుట్టూ ఆరు ఆక్సిజన్లు, అంతే. అంత చిన్నదైతే ఎలక్ట్రాన్ల అమరికలన్నీ పరస్పర వికర్షణతో సహా లెక్కలోకి తీసుకోవచ్చు. ఫలితం అందరూ ఊహించినదానికి తిరగబడి వచ్చింది. ప్రధాన శిఖరంలో నికెల్ కోల్పోయిన ఎలక్ట్రాన్ స్థానంలోకి పక్కనున్న ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్‌ను పంపేస్తోంది. లోటు చాలావరకు ఆక్సిజన్ మీదే పడుతోంది. నికెల్ నిజంగా ఒకటి తక్కువతో మిగిలిన స్థితి ఎక్కడో కింద ఉపశిఖరంలో కనిపిస్తోంది. మాట్ కారణం సరిగ్గానే పట్టుకున్నాడు, లోటు కూర్చునే చోటు మాత్రం వేరు. 1986లో అధిక ఉష్ణోగ్రతా అతివాహకాలు దొరికినప్పుడు, వాటికి మాతృకలైన రాగి ఆక్సైడ్లను అర్థం చేసుకోవడానికి ఈ ఎరుకే ముందుగా పనికొచ్చింది.

సిలికాన్‌లో వికర్షణ ఇంత మొండిది కాదు. అయినా ప్రతి ఎలక్ట్రానూ సగటు ప్రభావంలో ఒంటరిగా తిరుగుతుందనుకునే సాధారణ గణన దాని 1.17 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరాన్ని దాదాపు సగానికి తగ్గించి చూపుతుంది. చుట్టుపక్కల ఎలక్ట్రాన్ల సర్దుబాటును లెక్కలో చేర్చే పద్ధతిని స్వీడన్‌కు చెందిన లార్స్ హెడిన్ 1965లోనే రాసిపెట్టాడు. కంప్యూటర్లు దాన్ని నిజమైన పదార్థాల మీద నడపగలిగింది 1980లలోనే.

నికెల్ ఆక్సైడ్ లాంటివాటికి 1991లో అనిసిమోవ్, జానెన్, ఆండర్సన్ సాధారణ గణనకే ‘యు’ను జతచేశారు. చవకైన పద్ధతి, ఎంతో ఉపకరించింది. ప్రమాదమూ అందులోనే ఉంది. ప్రయోగంలోని శిఖరానికి తగ్గట్టు ‘యు’ను అటూ ఇటూ జరిపి, సిద్ధాంతం కుదిరిందని చెప్పుకోవడం తేలిక. అలా కుదిరిన గీత పదార్థం గురించి కొత్తగా ఏమీ చెప్పదు. ‘యు’ను విడిగా లెక్కగట్టి, ఆ తర్వాత వర్ణపటాన్ని పోల్చినప్పుడే ఆ పోలికకు విలువ.

భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు ఒక మాట. రెండు పరమాణువులు, రెండు ఎలక్ట్రాన్లతో హబ్బర్డ్ నమూనాను కాగితం మీదే సాధించవచ్చు, వర్గ సమీకరణం తెలిస్తే చాలు. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఆ లెక్క ఒక్కసారి మీ చేత్తో చేయండి.