మక్కపిండికి సున్నం చేసే సాయం

బంట్వారం, తాండూరు పల్లెల్లో జొన్నరొట్టె చేసేవాళ్లు చన్నీళ్లతో పిండి కలపరు. ఎసరు మరగాలి, ఆ ఉడుకు నీళ్లు పిండిలో పడాలి, అరచేత్తో బాగా మెదపాలి. గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే జిగురు జొన్నల్లో లేదు. వేడికి పిండిపదార్థం కొంత ఉడికి, అదే జిగురుగా పనిచేస్తుంది. మక్కపిండికీ ఇదే ఉపాయం. అయినా మక్కరొట్టె తడుతుంటేనే అంచులు పగులుతాయి, చల్లారితే విరుగుతుంది. అవే మక్కలతో మెక్సికోలో చేసే టోర్టియా మాత్రం గుడ్డలా మడతపడుతుంది.

కిటుకు సున్నంలో ఉంది. అక్కడి పాత పద్ధతిలో ఎండు మక్కల్ని గిర్నీకి పట్టించరు. గింజల బరువులో నూటికి ఒక వంతు, అటూఇటూగా, సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా అందులోనే నాననిస్తారు. పొద్దున కడిగితే పైపొట్టు ఊడిపోతుంది. ఆ తడి గింజల్ని రాతిమీద నూరితే వచ్చే ముద్దే మాసా. పొట్టును గింజకు పట్టి ఉంచే పదార్థాలు సున్నానికి కరిగి బంకగా మారతాయి. పిండిపదార్థమూ సగం ఉడికి ఉంటుంది కాబట్టి ముద్ద సాగుతుంది. పొత్తు ఆకుల్లో చుట్టి ఆవిరిమీద ఉడికించే తమాలేకు కూడా ఈ ముద్దే కావాలి. మూడు వేల ఏళ్లకు పైబడిన విద్య ఇది.

మెత్తదనం కోసమే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. మక్కల్లో నియాసిన్ అనే బి విటమిన్ ఉన్నా, చాలాభాగం ఒంటికి అందని రూపంలో ఉంటుంది. సున్నపు నీళ్లు దాన్ని విడిపిస్తాయి. కొలంబస్ తర్వాత మక్కలు ఐరోపాకు చేరాయి గానీ సున్నం సంగతి వాటి వెంట వెళ్లలేదు. 1735లో గాస్పర్ కసాల్ అనే స్పెయిన్ వైద్యుడు మక్కలే తిండిగా బతికే పేదల్లో ఒక వింత రోగాన్ని గమనించాడు. ఎండ తగిలినచోట చర్మం కమిలి పొట్టు లేచేది, విరేచనాలు పట్టుకునేవి, ముదిరితే మతి చలించేది. అదే పెల్లాగ్రా. దానికి మందు నియాసినేనని తేలేసరికి 1937 వచ్చింది.

మన దక్కన్‌లో ఈ రోగం జొన్నలే ఆధారంగా బతికిన పేదల్లో కనబడింది. జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కారణం కావచ్చని హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాలకు చెందిన సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య 1960లో రాశారు. తర్వాతి పరిశోధకుల్లో కొందరు దాన్ని ఒప్పుకోలేదు. నన్నడిగితే పప్పూ పాలూ మాంసమూ కొనలేని పేదరికమే అసలు దోషి. జొన్నరొట్టెలోకి తాండూరు కందిపప్పు ఉన్న ఇంటికి ఆ భయం తక్కువ.

తాండూరు బండ కూడా సున్నపురాయే. దాన్ని ఇళ్లలో పరుచుకున్నాం, సిమెంటు చేశాం. సున్నాన్ని గోడలకు వేశాం, తమలపాకుకు రాశాం. గింజలు ఉడికే కుండలో మాత్రం వేయలేదు. హోండురాస్, ఎల్ సాల్వడోర్ రైతులు జొన్నల్ని కూడా సున్నపు నీళ్లలో ఉడికించి టోర్టియాలు చేసుకుంటారు. అంటే మన జొన్నలకూ ఈ విద్య పనికొస్తుంది.

చేసి చూడాలనిపిస్తే గోడలకు వేసే సున్నం జోలికి వెళ్లకండి, తినడానికి తగినదని రాసి ఉన్నదే కొనండి. అల్యూమినియం గిన్నెను సున్నం తినేస్తుంది, స్టీలుది పెట్టండి. ఉడికిన గింజల్ని నాలుగు నీళ్లు పోసి కడిగాకే రుబ్బండి.