విద్యుత్ ప్రసార వ్యవస్థల అధ్యయనం: ‘కరెంటు’ అనే మాట - అర్థభేదాలు

వ్యాససంగ్రహం:
తెలుగువారి నిత్యవ్యవహారంలో ‘కరెంటు’ అనే మాట విద్యుత్తుకు సంబంధించిన పలు భావాలను ఒక్కటిగా సూచిస్తుంది. విద్యుత్ ప్రసార వ్యవస్థలను అభ్యసించే ఇంజనీరింగ్ విద్యార్థి ఆ భావాలను విడివిడిగా గ్రహించవలసి ఉంటుంది. ఈ భేదజ్ఞానం పాఠ్యాంశ అవగాహనకూ, క్షేత్రస్థాయిలో ప్రాణరక్షణకూ ఎలా ఆధారమవుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విద్యుత్ ప్రసారం, కరెంటు, వోల్టేజి, అర్థవ్యాకోచం, పారిభాషిక పదాలు, సాంకేతిక విద్య.

1. ఉపోద్ఘాతం:
విద్యుత్కేంద్రంలో ఉత్పత్తి అయిన విద్యుత్తును దూరప్రాంతాల సబ్‌స్టేషన్లకు చేర్చేది ప్రసార వ్యవస్థ. అక్కడి నుంచి ఇళ్లకూ, పొలాలకూ అందించేది పంపిణీ వ్యవస్థ. తెలుగు రాష్ట్రాల్లో మొదటి బాధ్యతను ప్రధానంగా ట్రాన్స్‌కోలు, రెండవదాన్ని డిస్కంలు నిర్వహిస్తున్నాయి. బి.టెక్. ఎలక్ట్రికల్ విద్యార్థులకు ప్రసార వ్యవస్థ ప్రధాన పాఠ్యాంశాల్లో ఒకటి. ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి సాధారణంగా దీన్ని ఇంగ్లీషులో చదవవలసి వస్తుంది.

తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2021లో అనుమతినిచ్చింది. ఇటువంటి బోధన గురించి ఆలోచించేటప్పుడు కొత్త పారిభాషిక పదాల కల్పన పైకే దృష్టి వెళ్లడం సహజం. విద్యార్థి ఇంటి నుంచి తనతో తెచ్చుకున్న పాత మాట కూడా అంతే పరిశీలించదగినది.

2. వాడుకలో ‘కరెంటు’:
‘కరెంటు పోయింది’ అన్నప్పుడు ఆ మాటకు సరఫరా అని అర్థం. ‘కరెంటు బిల్లు’ అన్నప్పుడు అది వినియోగించిన శక్తి. బిల్లులోని ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-గంట. ‘కరెంటు కొట్టింది’ అన్నప్పుడు విద్యుదాఘాతం. ఇంగ్లీషులో ప్రవాహాన్ని సూచించే మాట తెలుగులోకి వచ్చి విద్యుత్తు మొత్తానికీ పేరైంది. భాషాశాస్త్ర పరిభాషలో ఇది అర్థవ్యాకోచం.

భౌతికశాస్త్రం ఈ భావాలను వేరుచేస్తుంది. తీగలో ఆవేశాలు కదిలే రేటు విద్యుత్ ప్రవాహం. దాని ప్రమాణం ఆంపియర్. రెండు బిందువుల మధ్య ఉండే పొటెన్షియల్ భేదం వోల్టేజి. శక్తి వినియోగమయ్యే రేటు సామర్థ్యం. దాని ప్రమాణం వాట్. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ‘పవర్’కు సామర్థ్యమనీ, ‘ఎనర్జీ’కి శక్తి అనీ, ‘ఎఫిషియన్సీ’కి దక్షత అనీ పేర్లు. వాడుకలో శక్తి, సామర్థ్యం జంటపదాలు కావడం వల్ల ఇక్కడ మరొక చిక్కు ఏర్పడుతుంది.

అయినంత మాత్రాన వాడుకభాషను అడ్డంకిగా భావించనక్కరలేదు. మోటారు సరిగా తిరగనప్పుడు ‘కరెంటు ఉంది గానీ వోల్టేజి లేదు’ అనే మాట పల్లెల్లో వినిపిస్తుంది. సరఫరా ఉండటం వేరు, తగిన వోల్టేజి ఉండటం వేరు అనే భేదాన్ని అనుభవం ఆ మాటలో నిలిపింది. బోధనకు ఇది మంచి ఆరంభం.

3. అధిక వోల్టేజి అవసరం:
మన దేశంలో ప్రసార లైన్లు ప్రధానంగా 132, 220, 400, 765 కిలోవోల్టుల స్థాయుల్లో పనిచేస్తాయి. ఇంత అధిక వోల్టేజి ఎందుకన్నది విద్యార్థికి ఎదురయ్యే తొలి ప్రశ్న. ఒకే సామర్థ్యాన్ని పంపుతున్నప్పుడు వోల్టేజి పెరిగితే ప్రవాహం తగ్గుతుంది. తీగల్లో ఉష్ణరూపంలో కలిగే నష్టం ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

ఉదాహరణకు మూడు ఫేజుల లైనులో, సామర్థ్య గుణకం ఒకటిగా, 100 మెగావాట్లు పంపాలనుకుందాం. 132 కిలోవోల్టుల వద్ద ఒక్కో తీగలో సుమారు 437 ఆంపియర్లు, 220 వద్ద 262, 400 వద్ద 144 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఒక్కో తీగ నిరోధం 10 ఓములైతే మొత్తం నష్టం వరుసగా 5.7, 2.1, 0.6 మెగావాట్లు. వోల్టేజినీ ప్రవాహాన్నీ కలిపి ‘కరెంటు’ అనుకునే విద్యార్థికి ‘ఎక్కువ కరెంటు పంపితే నష్టం ఎలా తగ్గింది?’ అన్న సందేహం మిగిలిపోతుంది. అప్పుడు సూత్రాన్ని కంఠస్థం చేయడమే అతనికి దారి.

4. ప్రవాహం లేని చోట వోల్టేజి:
ప్రసార లైనుకు నిరోధంతో పాటు ప్రేరకత్వం, కెపాసిటెన్స్ కూడా ఉంటాయి. సాధారణంగా 80 కిలోమీటర్ల లోపు లైన్లను పొట్టి లైన్లుగా పరిగణించి కెపాసిటెన్స్‌ను విస్మరిస్తారు. అంతకంటే పొడవైన లైన్లలో దాన్ని లెక్కించవలసిందే. పొడవైన లైనుపై భారం లేనప్పుడు, లేదా చాలా తక్కువగా ఉన్నప్పుడు, పంపే చివర కంటే అందుకునే చివర వోల్టేజి ఎక్కువవుతుంది. దీన్ని ఫెరాంటి ప్రభావం అంటారు. అవతలి చివర ఏదీ కలపకుండా వదిలిన లైనులో ఆ చివర ప్రవాహం శూన్యం. వోల్టేజి మాత్రం అక్కడే అత్యధికం. దీన్ని అదుపు చేయడానికి సబ్‌స్టేషన్లలో రియాక్టర్లు అమరుస్తారు.

5. క్షేత్రస్థాయి ప్రాధాన్యం:
ఈ భేదం పరీక్షాపత్రానికే పరిమితమైనది కాదు. నేటి విద్యార్థి రేపు సబ్‌స్టేషన్‌లో ఇంజనీరుగా సిబ్బందికి ‘లైన్ క్లియర్’ ఇవ్వవలసినవాడు. ‘కరెంటు తీసేశారు’ అన్న మాట సరఫరా ఆపిన సంగతినే చెబుతుంది. తీగపై వోల్టేజి లేదన్న హామీని ఇవ్వదు. సరఫరా ఆపిన తరువాత కూడా లైనులో ఆవేశం నిలిచి ఉండవచ్చు. అదే టవర్‌పై ఉన్న మరొక సర్క్యూట్ నుంచి వోల్టేజి ప్రేరితం కావచ్చు. పంపిణీ లైన్లలో వినియోగదారుని జనరేటర్ నుంచి విద్యుత్తు వెనుకకు రావచ్చు. అందుకే లైన్ క్లియర్ తీసుకున్నాక వోల్టేజి లేదని పరీక్షించి, పనిచేసే చోటుకు ఇరువైపులా ఎర్తింగ్ చేసిన తరువాతే తీగను తాకాలి. ఈ క్రమంలోని ఒక్కొక్క మెట్టుకూ కారణం నాలుగవ విభాగంలోని పాఠంలాంటి వాటిలోనే ఉంది. కారణం తెలిసినవాడు తొందరలోనైనా ఆ మెట్టును దాటవేయడు.

6. ముగింపు:
• ‘కరెంటు’ అర్థవ్యాకోచం పొందిన ఆదానపదం. దాన్ని వాడుక నుంచి తొలగించనక్కరలేదు; పాఠంలో అది ఏ అర్థంలో వచ్చిందో గుర్తించడం అవసరం.
• ప్రవాహం, వోల్టేజి, సామర్థ్యం, శక్తి అనే నాలుగు భావాలను ప్రమాణాలతో సహా వేరుచేసిన తరువాతే ప్రసార వ్యవస్థల పాఠం ఆరంభించడం మేలు.
• బోధన ఇంగ్లీషులో సాగినా, ఈ భేదాన్ని విద్యార్థి మాతృభాషా వాక్యాలతో వివరించవచ్చు.
• సాంకేతిక విద్యలో పదం అర్థాన్ని నిర్ణయించడం భాషాసౌలభ్యానికి మాత్రమే చెందిన విషయం కాదు. తీగపై చేయి వేసే మనిషి భద్రత కూడా దానిపై ఆధారపడి ఉంది.