పరుగెత్తని వెలుగు

తిరుమల బ్రహ్మోత్సవములకు వెళ్లినవారు దీపాలంకరణమును చూడక తిరిగి రారు. సీరియల్ సెట్టు తోరణముల పొడవునా వెలుగు పరుగులు తీయుచుండును. పిల్లలు దానిని వెంబడించుచు నడతురు. నిజమునకు అక్కడ పరుగెత్తునది ఏదియు లేదు. ప్రతి దీపమును తన చోటనే ఉండి, వంతు రాగానే వెలిగి, వంతు తీరగానే ఆరిపోవును. నడుమనున్న ఖాళీని పూరించి పరుగును కల్పించునది మన చూపే. మాక్స్ వెర్ట్‌హైమర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఈ వింతపై తన పరిశోధనను 1912లో ప్రకటించెను.

మరి వంతులు వేయునదెవరు? 1965 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్ కారులో చిన్న మోటారొకటి ఆ పని చేసెడిది. వెనుక మూడు దీపములు లోపలినుండి బయటకు వరుసగా వెలిగి, బండి తిరుగు దిక్కును చూపెడివి. నేడు రెండు ఐ.సి.లు చాలును. 1971లో హాన్స్ కామెంజిండ్ రూపొందించిన 555 డోలువాని వలె లయ తప్పక దరువు వేయును. 4017 ఆ దరువులను లెక్కించి పది ఎల్.ఇ.డి.లకు వంతులిచ్చును. 555కు 10 వేల ఓములు, లక్ష ఓముల రెసిస్టర్లు, ఒక మైక్రోఫారడ్ కెపాసిటరు కలిపినచో సెకనుకు సుమారు 7 దరువులు. ఒకసారి ఒక్క దీపమే వెలుగును గనుక, 9 వోల్టుల బ్యాటరీపై పదింటికిని కలిపి 470 ఓముల రెసిస్టరు ఒక్కటి సరిపోవును. పొదుపరులకు ఇది మంచి కబురు! లక్ష ఓములకు బదులు తిప్పుడు రెసిస్టరు పెట్టి, వేగము ఎంత తగ్గినప్పుడు పరుగు విరిగి విడివిడి దీపములుగా కనబడునో తరగతిలో పిల్లలనే చెప్పుమనవచ్చును. అందరి జవాబు ఒకటి కాదు.

ఇంతవరకు వినోదము. చిక్కు ఈ వరుసను మోటారు సైకిలు వెనుక బిగించుటలో నున్నది. ఘాటు దారి మలుపులో వెనుకనున్న డ్రైవరుకు చూచుటకు దొరకునది క్షణకాలమే. ఆ క్షణమున ఒంటిదీపము ఏ మూలనున్నదో, ఎటు పోవుచున్నదో అతడెట్లు గ్రహించును? పండుగ తోరణము దిక్కు చెప్పనక్కర లేదు. బండి దీపము చెప్పి తీరవలెను. అందుచేతనే ఐక్యరాజ్యసమితి వాహన నియమములలో ఇట్టి సూచిక లోపలినుండి బయటకే సాగవలెననియు, వెలిగిన భాగము ఆరక నిలువవలెననియు, వరుస యంతయు 200 మిల్లీసెకన్లలో నిండవలెననియు విధించిరి.

దీనికి 4017 పనికిరాదు, షిఫ్టు రిజిస్టరు కావలెను. దాని ప్రవేశమున వోల్టేజి నిలిపి యుంచినచో దరువునకొక దీపము చేరును, చేరినది ఆరదు. ఆరు దీపములు గడువులో నిండుటకు సెకనుకు 7 దరువులు చాలవు, 30కి తగ్గరాదు. కెపాసిటరును 0.22 మైక్రోఫారడ్‌కు మార్చిన ఆ వేగము వచ్చును. అదియు బల్లమీది ప్రయోగమునకే. రోడ్డెక్కు బండికి కంపెనీ యిచ్చిన సూచికనే ఉండనిండు.