వ్యాసం పంపేటప్పుడు దాని నెంబరు కూడా పంపండి

ఈ మధ్య ఓ.పి.కి వచ్చేవారు పాత చీటీలతోపాటు ఫోను కూడా చూపిస్తున్నారు. "మా అబ్బాయి హైదరాబాదు నుంచి పంపాడు సిస్టరమ్మా, నేను మింగే మాత్ర గురించేనంట, డాక్టరుగారికి చూపించమన్నాడు" అంటారు. తీరా నొక్కితే, గడువు ముగిసింది, మళ్ళీ లాగిన్ కమ్మని ఇంగ్లీషులో వస్తుంది. అబ్బాయి చదివిన మాట నిజమే, పంపిన మాటా నిజమే. డాక్టరుగారు మాత్రం చూడలేరు. చాలాసార్లు ఆ మాత్ర కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అయి ఉంటుంది. అది క్యాన్సరు మందని ఎక్కడో చదివి ఇంటిల్లిపాదీ భయపడతారు. కీళ్ళవాతానికి ఇచ్చేది చిన్న మోతాదు, వారానికి ఒక్కరోజే. అసలు వ్యాసం తెరుచుకుంటే అక్కడికక్కడే చూపించి నచ్చజెప్పవచ్చు. తెరుచుకోకపోతే భయం అలాగే ఉండిపోతుంది, కొందరు చెప్పకుండా మాత్రలు మానేస్తారు.

ఎందుకు తెరుచుకోదో చెబుతాము. కాలేజీ లైబ్రరీలు వైద్య పత్రికలను ఎబ్‌స్కో, ప్రోక్వెస్ట్ వంటి డేటాబేసుల ద్వారా డబ్బు కట్టి తెప్పించుకుంటాయి. విద్యార్థి లోపలికి వెళ్ళి వ్యాసం తెరిచినప్పుడు పైన కనిపించే పొడుగాటి చిరునామా చాలాసార్లు ఆ పూటకే పనిచేస్తుంది. అది మన ఓ.పి. టోకెను లాంటిది. నిన్నటి టోకెను ఇవాళ తెస్తే ఇంకొకరి పేరు పిలుస్తాము. రిజిస్ట్రేషను నెంబరైతే ఎన్నేళ్ళకు తెచ్చినా కేసు షీటు వెదికి తీయవచ్చు. వ్యాసాలకు కూడా అలాంటి నెంబర్లున్నాయి.

డేటాబేసులో వ్యాసం పక్కన "పర్మాలింక్" అని ఒక బటను ఉంటుంది. పైనున్న చిరునామాను వదిలి, ఆ బటను నొక్కితే వచ్చేదాన్ని పంపాలి. అయితే అది కూడా ఆ లైబ్రరీ సభ్యులకే పనిచేయవచ్చు. కాలేజీ బయట ఉన్నప్పుడు తెరవాలంటే ముందు లైబ్రరీవారి సొంత చిరునామా ముక్క తగిలించాల్సి రావచ్చు, అది లైబ్రేరియనుగారే చెప్పగలరు. నర్సింగు చదివే పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. ఇంట్లోవాళ్ళకు పంపడానికైతే డి.ఓ.ఐ. నయం.

డి.ఓ.ఐ. అనేది 10తో మొదలై, చుక్క, కొన్ని అంకెలు, ఒక గీత, ఆ తరువాత మరికొన్ని అంకెలు, అక్షరాలుగా ఉంటుంది. సాధారణంగా వ్యాసం మొదటి పేజీలోనే వేస్తారు. దాని ముందు "డి.ఓ.ఐ. డాట్ ఓ.ఆర్.జి." అని చేర్చి కొడితే ప్రచురణకర్త పేజీకి తీసుకెళుతుంది. 2000 నుండి ప్రచురణకర్తలు క్రాస్‌రెఫ్ అనే సంస్థ ద్వారా ఈ నెంబర్లు నమోదు చేస్తున్నారు. పత్రిక చేతులు మారినా నెంబరు మారదు. అది ఎక్కడికి వెళ్ళాలో మాత్రం కొత్త యజమాని దిద్దుకుంటాడు.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్క్ గారితో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ల్యాబు టెక్నీషియన్లు ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని చదువుకుంటారు. ఆ వ్యాసం వచ్చిన జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ ప్రచురణ పని 2021లో ఎల్సెవియర్ సంస్థకు వెళ్ళింది, అందరూ చదువుకునే ఉచిత పత్రిక కూడా అయింది. వందేళ్ళనాటి ఆ కాగితాన్ని సత్తెనపల్లిలో కూర్చుని డి.ఓ.ఐ.తో తెరవవచ్చు.

ఇంకా తేలికైన దారి పబ్‌మెడ్. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1997 నుండి దీన్ని అందరికీ ఉచితంగా ఇస్తోంది. ప్రతి వ్యాసానికీ ఉత్త అంకెలతో ఒక నెంబరు ఉంటుంది. పబ్‌మెడ్‌లో 18860765 అని కొట్టి చూడండి. 1948లో ఫార్బర్ గారి బృందం, రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి తాత్కాలికంగా గుణం చూసినట్లు రాసిన వ్యాసం వస్తుంది. ఆ మందు తయారుచేసింది లెడర్లీ కంపెనీలో సుబ్బారావుగారి బృందం. వ్యాసం రాసినవారిలో ఆయన పేరు ఉండదు, అది చూస్తే మనసుకు కొంచెం కష్టంగానే ఉంటుంది. పైన చెప్పిన మెథోట్రెక్సేట్ దానికి తోబుట్టువే. 2020లో పబ్‌మెడ్ చిరునామా మారింది గాని ఈ నెంబర్లు మారలేదు.

నెంబరు ఉన్నంత మాత్రాన వ్యాసమంతా ఉచితం కాదు. చాలావాటికి సారాంశమే కనిపిస్తుంది. 2025 జనవరిలో మొదలైన "ఒకే దేశం ఒకే చందా" పథకం ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు సుమారు 13,000 పత్రికలు తెరిచింది. ప్రభుత్వ కాలేజీలో చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే వారినడగండి.

కొందరు వ్యాసాన్ని ఫైలుగానే పంపుతారు. అది మంచిదే గాని చాలదు. 1998లో లాన్సెట్ పత్రికలో 12 మంది పిల్లల గురించి ఒక వ్యాసం వచ్చి, ఎం.ఎం.ఆర్. టీకాకు ఆటిజంతో సంబంధం ఉందేమోనన్న భయం దేశదేశాలకు పాకించింది. 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది. అంతకు ముందు దాచుకున్న ఫైలులో ఆ సంగతి ఉండదు. డి.ఓ.ఐ.తోగాని పబ్‌మెడ్ నెంబరుతోగాని వెళితే, ఉపసంహరించినట్లు పేజీలోనే రాసి ఉంటుంది. బిడ్డకు టీకా వేయించాలా వద్దా అని ఆలోచించే తల్లికి ఆ ఒక్క మాట ఎంత అవసరమో మీరే ఊహించగలరు.

కనుక ఈసారి వచ్చేటప్పుడు వ్యాసం పేరు, పత్రిక, సంవత్సరం, డి.ఓ.ఐ. లేక పబ్‌మెడ్ నెంబరు ఓ.పి. చీటీ వెనక రాయించుకుని రండి. వాడుతున్న మాత్రల అట్టలు కూడా తెండి. డాక్టరుగారు చూసి చెప్పేదాకా ఏ మాత్రా మానవద్దు.